గులిమి అనుకున్నాను

పొద్దున్నే లేచి ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటే అవతల మాట్లాడుతున్న అక్క గొంతు దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది. సిగ్నల్ సరిగ్గా లేదేమోనని కుడి చెవికి మార్చాను, గంటలా వినబడింది. మళ్ళీ ఎడమకి మారిస్తే మళ్ళీ దుప్పటే. గులిమి పట్టేసి ఉంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. తలస్నానం చేసినప్పుడు నీళ్ళు పోయి ఉబ్బి ఉంటుందని కారణం కూడా నేనే చెప్పుకున్నాను. మూడో రోజు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడా అదే మాట. జలుబు చేసిందా అని అడిగారు, కొంచెం ఉందన్నాను, చుక్కల మందు రాసిచ్చి పంపేశారు. చెవిలోకి లైటు వేసి చూసినట్టు కూడా గుర్తులేదు. అలా చుక్కలు వేసుకుంటూ, దవడ అటూ ఇటూ కదుపుకుంటూ, ముక్కు మూసి గాలి ఊదుకుంటూ మొత్తం తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాను.

పదో రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ముందు ఒక ట్యూనింగ్ ఫోర్క్ తీసి, మోచేతికి తట్టి, దాని కాడని నా నుదుటి మీద నడిమధ్యన ఆనించారు. "ఏ వైపు వినబడుతోందమ్మా?" కుడి వైపు అన్నాను. "అయితే గులిమి కాదు" అన్నారు, ఇంకా చెవిలోకి చూడకుండానే.

అదెలాగో ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను, మీరూ ఇప్పుడే చేసి చూడొచ్చు. ఒక చెవిని వేలితో మూసుకుని, పెదాలు కలిపి "మ్‌మ్‌మ్" అని రాగం తీయండి. చప్పుడు మూసుకున్న చెవి వైపే గట్టిగా వస్తుంది. గులిమో, జలుబుకి చేరిన నీరో అడ్డుపడితే జరిగేది అదే, బయటి చప్పుళ్ళు తగ్గుతాయి గానీ ఎముకల గుండా లోపలికి వెళ్ళే చప్పుడు ఆ చెవిలోనే పెద్దగా వినబడుతుంది. లోపలి చెవికో నరానికో దెబ్బ తగిలితే మాత్రం అది మంచి చెవి వైపుకి వెళ్ళిపోతుంది. నా "మ్‌మ్‌మ్" మొదటి రోజు నుంచీ కుడి వైపే వినిపించి ఉంటుంది, నేను చేసి చూస్తే కదా. ఇది డాక్టర్ పరీక్షకి బదులు కాదు, కానీ "రేపు చూద్దాంలే" అనుకునే మనిషిని లేపి కూర్చోబెట్టడానికి సరిపోతుంది.

దీన్ని సడెన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్ అంటారు, అంటే లోపలి చెవో నరమో దెబ్బతిని ఉన్నట్టుండి వినికిడి పోవడం. 72 గంటల లోపల, పక్కపక్కన ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో (చప్పుడు ఎంత సన్ననో, ఎంత బొంగురో చెప్పే మెట్లు) కనీసం 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే ఈ పేరు పెడతారు. ఎక్కువమందిలో కారణం దొరకదు. నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని ఎమ్మారై తీస్తారు, నాకూ తీశారు, ఏమీ లేదు. మందు అంటే స్టెరాయిడ్లే, అవి కూడా మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఆశ. నేను పదో రోజున వెళ్ళాను.

ఆడియోమెట్రీ గది గురించి కొంచెం చెప్పాలి. ఫోన్ బూత్ అంత చిన్న గది, గోడలకి స్పాంజి, తలుపు వేయగానే మన ఊపిరి మనకే పెద్దగా వినబడేంత నిశ్శబ్దం. చేతిలో ఒక బటన్ ఇచ్చి, "కూ" అని ఎంత చిన్నగా వినబడినా నొక్కమంటారు. కుడి చెవి సాఫీగా అయిపోయింది. ఎడమ చెవికి వచ్చేసరికి అసలు కథ మొదలైంది, ఎందుకంటే అప్పటికే ఆ చెవిలో సన్నగా ఒక ఈల మోగుతోంది, ఆగదు. వాళ్ళు ఇస్తున్న "కూ" ఏదో, నా చెవి తనంతట తాను కూస్తున్న "కూ" ఏదో తేలదు. వదలకుండా ప్రాణం తీసేవాళ్ళని చెవిలో జోరీగ అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. పరీక్షలో తప్పుతానేమో అని టెన్షన్ పడి లేని చోట్ల కూడా బటన్ నొక్కేశాను, ఆ అమ్మాయి ఓపిగ్గా కొన్ని మళ్ళీ చేసింది. గ్రాఫ్ చేతికొచ్చాక చూస్తే ఎడమ చెవి గీత 2000 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దాకా వాలుతూ వచ్చి 4000 దగ్గర 70 డెసిబెల్స్‌కి పడిపోయింది.

అప్పటి నుంచి రాత్రుళ్ళు చదవడం మొదలైంది. నిద్ర ఎలాగూ లేదు, స్టెరాయిడ్ మాత్రలు నిద్రపోనివ్వవు. చదివిన కొద్దీ అర్థమైంది ఏమిటంటే, చెవి గురించి మనదాకా వచ్చే వార్తలు ఒక రకం, మన చెవికి పనికొచ్చే ఫలితాలు ఇంకో రకం.

అందరూ నాకు పంపిన వార్త జన్యు చికిత్సది. "చూశావా, చెవుడుకి మందు వచ్చేసింది" అని కనీసం నలుగురు. అందులో అబద్ధం లేదు, నిజంగానే ఒళ్ళు పులకరించే పని అది. ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ ఒకటుంది. లోపలి చెవిలో చప్పుడుని పట్టుకునే రోమకణాలు, పట్టుకున్నాక ఆ కబురుని నరానికి అందించాలంటే ఇది కావాలి. దాని జన్యువు రెండు ప్రతుల్లోనూ తప్పుతో పుట్టిన పిల్లల్లో కణాలన్నీ ఉంటాయి, చప్పుడుకి కదులుతాయి కూడా, కానీ కబురు అక్కడే ఆగిపోతుంది. పుట్టగానే చేసే స్క్రీనింగుల్లో ఒక రకం, కణాల కదలికని మాత్రమే చూసేది, ఈ పిల్లల్ని "బాగానే ఉంది" అని పంపేయగలదు కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని తేలిగ్గా అనేస్తాం గానీ (ఆ సామెత ఈ మధ్య నాకు అస్సలు నచ్చడం లేదు) ఇక్కడ శంఖం లోపలి కణం దాకా చేరిపోయింది, అక్కడి నుంచి జాబు బట్వాడా కాలేదు, అంతే.

ఆ జన్యువు చాలా పెద్దది. మోసుకెళ్ళే వైరస్‌లో పట్టదు. అందుకని దాన్ని రెండు ముక్కలు చేసి, రెండు వైరస్‌లలో ఎక్కించి, చెవి లోపలికి పంపిస్తే కణంలో రెండూ కలుసుకుని పని మొదలుపెడతాయి. షాంఘైలో ఆరుగురు పిల్లలకి అలా ఇస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. 2025లో ఇంకో పేపర్‌లో ఏడాది పిల్లాడి నుంచి 24 ఏళ్ళ వాళ్ళ దాకా పదిమందికి ఇచ్చారు, వినబడటానికి సగటున 106 డెసిబెల్స్ కావలసినచోట 52కి దిగింది. 106 అంటే పక్కన మిక్సీ తిరిగినా తెలియనితనం, 52 అంటే మామూలు మాట కాస్త అందే దూరం. ఆ తల్లిదండ్రుల సంగతి ఊహించుకుంటేనే కళ్ళు తడుస్తాయి.

కానీ నాకు పంపిన నలుగురికీ చెప్పలేకపోయింది ఏమిటంటే, అది నా చెవి కాదు. ఆ పిల్లల్లో కణాలు బతికే ఉన్నాయి. నాలాంటి వాళ్ళలో, పెద్ద వయసు వాళ్ళలో, హోరు మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్న వాళ్ళలో కణాలే పోవచ్చు. ఒక్కో చెవిలో ఉండేవి సుమారు 15,000 రోమకణాలు. కోడిపిల్లల్లో అవి పోతే మళ్ళీ మొలుస్తాయని 1980లలోనే చూశారు. మనకి మొలవవు. మొలిపించే మందని ఎఫ్‌ఎక్స్-322 అనే ఇంజెక్షన్ మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు, మొదట్లో కొందరికి మాటలు బాగా అర్థమయ్యాయన్నారు, 2023 ఫిబ్రవరిలో పెద్ద ట్రయల్ ఫలితం వస్తే ఉత్తుత్తి మందుకీ దానికీ తేడా లేదని తేలింది. ఈ వార్త నాకు ఒక్కరూ పంపలేదు.

నాకు పనికొచ్చిన ఫలితం ఇంతకంటే చప్పగా ఉంటుంది. జర్మనీలో నాలాంటి 325 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి రోజుకి 250 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రక్తనాళం ద్వారా, ఇంకో గుంపుకి పెద్ద మోతాదు డెక్సామెథసోన్ (ఇదీ స్టెరాయిడే) మాత్రలు, మూడో గుంపుకి మామూలు 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్ర. 2024లో అచ్చయింది. పెద్ద మోతాదు వల్ల వినికిడి ఎక్కువేమీ రాలేదు, షుగర్ పెరగడం లాంటి ఇబ్బందులు మాత్రం ఎక్కువ వచ్చాయి. నేను డాక్టర్ గారిని "ఆలస్యంగా వచ్చాను కదా, డోసు పెంచండి" అని బతిమాలుతున్న రోజులవి. "పెంచితే మీ చెవికి లాభం లేదు, మిగతా ఒంటికి నష్టం" అన్నారు. ఆవిడ మీద కోపం వచ్చింది. పేపర్ చదివాక పోయింది.

ఇంకో సంగతి. ఈ జబ్బులో చాలామందికి ఏ మందూ లేకుండా కూడా కొంత వినికిడి తిరిగొస్తుంది. అంటే మందు వేసుకున్న వాళ్ళందరూ "మందు పనిచేసింది" అంటారు, మూలికలు వాడినవాళ్ళూ అంటారు, తాయెత్తు కట్టుకున్నవాళ్ళూ అంటారు. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేకపోతే ఎవరి మాట నమ్మాలో తేలదు. నా చెవి కొంత తిరిగొచ్చింది, అది మాత్రల వల్లా, సూది వల్లా, దానంతట అదేనా, నాకు ఎప్పటికీ తెలియదు.

సూది అన్నాను కదా. మాత్రలతో చాలినంత రాకపోతే కర్ణభేరిలోంచి స్టెరాయిడ్ ఎక్కిస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ ముందు మొద్దుబారే మందు పెడతారు, చీమ కుట్టినంత. మందు లోపలికి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం గది గిర్రున తిరిగింది. తర్వాత అరగంట పక్కకి తిరిగి పడుకోవాలి, గుటక వేయకూడదు, ఎందుకంటే గుటక వేస్తే చెవికీ గొంతుకీ మధ్య ఉన్న గొట్టం తెరుచుకుని మందు జారిపోతుంది. గుటక వేయకూడదు అనగానే నోట్లో ఎన్ని నీళ్ళు ఊరతాయో చెప్పలేను. రెండోసారికి చేతిలో టిష్యూ పట్టుకుని వెళ్ళాను. అప్పటికీ కొంచెం చేదు గొంతులోకి దిగింది.

ఇదంతా అయ్యేసరికి గొంతు పోయింది. నా పని రోజంతా ఫోన్‌లో మాట్లాడటమే, ఒక చెవి మందగించాక నాకు తెలియకుండానే గొంతు పెంచేశాను. "ఏంటే, పక్కనే ఉన్నాను కదా, ఎందుకలా అరుస్తున్నావ్" అని అక్క అన్నాక గానీ గమనించలేదు. హోరులో ఉన్నప్పుడు మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే రాశాడు, మన గొంతుకి పగ్గం మన చెవే. బొంగురు పోయింది కదా అని గుసగుసగా మాట్లాడటం మొదలుపెడితే వాయిస్ థెరపిస్ట్ అడ్డుకున్నారు. గుసగుసలో గొంతుకి విశ్రాంతి అని నేను అనుకున్నది చాలామంది విషయంలో తప్పట. 2006లో 100 మంది పేషెంట్ల గొంతులోకి కెమెరాతో చూస్తే, 69 మందిలో గుసగుసలాడేటప్పుడు స్వరతంత్రుల పైనున్న కండరాలు ఇంకా బిగుసుకున్నాయి. 18 మందిలో తగ్గింది, 13 మందిలో తేడా లేదు. మీరు ఏ గుంపో తెలియదు కాబట్టి చిన్న గొంతుతో మామూలుగా మాట్లాడండి, లేదా ఊరుకోండి అన్నారు. గ్లాసులో నాలుగు వేళ్ళ నీళ్ళు పోసి, అందులో స్ట్రా పెట్టి, బుడగలు వస్తుండగా "ఊఊ" అని రాగం తీయమన్నారు. రోజుకి ఐదారు సార్లు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ఇంట్లో అందరూ నవ్వారు, నాకు మాత్రం రెండు వారాల్లో బొంగురు తగ్గింది (ఇది కూడా దానంతట అదే తగ్గిందేమో, పైన రాసిందే మళ్ళీ).

ఇప్పుడు హియరింగ్ ఎయిడ్ సంగతి నడుస్తోంది. దీనిమీద కూడా ఒక హెడ్డింగ్ తిరుగుతోంది, "మెషిన్ పెట్టుకుంటే మతిమరుపు జబ్బు రాదు" అని. అసలు ట్రయల్ 2023లో లాన్సెట్‌లో వచ్చింది. 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మంది, మూడేళ్ళు. మొత్తం అందరినీ కలిపి చూస్తే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గడంలో తేడా కనబడలేదు. ముందు నుంచే గుండె జబ్బుల పరిశోధనలో ఉన్న, ముప్పు ఎక్కువున్న ఒక గుంపులో మాత్రం ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. ఆ 48 ఒక్కటే హెడ్డింగ్‌లోకి ఎక్కింది. నా వయసు ఆ ట్రయల్‌కి దరిదాపుల్లో లేదు, కాబట్టి నేను మెషిన్ పెట్టుకుంటే మతి కోసం కాదు, నలుగురు కూర్చున్నచోట ఎడమ వైపు మనిషి చెప్పిన జోకుకి అందరూ నవ్వాక నవ్వడం మానడం కోసం.

నిన్న ట్రయల్ మెషిన్ పెట్టుకుని బయటికొస్తే ముందు వినబడింది నా చెప్పుల చప్పుడు. ఆ తర్వాత చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు, చెవిలో కాగితాలు చింపుతున్నట్టు. మెదడుకి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఈల తగ్గలేదు, కానీ కవరు గోలలో దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. అక్కకి ఫోన్ చేసి అలవాటుగా కుడి చెవికి పెట్టుకున్నాను, తర్వాత గుర్తొచ్చి ఎడమకి మార్చాను. "ఏంటే చప్పుడు చెయ్యవు, వినబడుతోందా?" అంది. రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది, కానీ దుప్పటి లేదు.