వైరుకీ కత్తికీ మధ్య: వాస్కులర్ సర్జరీ ఎంసీహెచ్‌లో నా అనుభవం

ఎంఎస్ జనరల్ సర్జరీ అయ్యాక, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి హైదరాబాద్‌లో వాస్కులర్ సర్జరీ, అంటే రక్తనాళాల సర్జరీ, ఎంసీహెచ్ కోర్సులో చేరాను. పొట్ట కోయడం, కుట్టడం అప్పటికే వచ్చు. మొదటి ఏడాది దానితో పెద్దగా పని పడలేదు. ఎక్స్‌రే స్క్రీన్ మీద చూస్తూ రక్తనాళంలోకి సన్నటి వైరు, దాని మీదుగా కాథెటర్ అనే గొట్టం పంపే కాథ్‌ల్యాబ్‌లో లెడ్ యాప్రాన్ వేసుకుని వైర్ వెనక కొస పట్టుకోవడమే నా ఉద్యోగం. సార్ కాథెటర్ బయటికి లాగుతుంటే వైర్ అక్కడే ఉండాలి. తడిస్తే అది చేపలా జారిపోతుంది. చేతిలో అర అంగుళం కదిలితే అవతల స్క్రీన్ మీద, రక్తనాళం మూసుకుపోయిన చోటుని దాటిన దాని కొస వెనక్కి వచ్చేస్తుంది. అంతవరకూ పడ్డ శ్రమంతా మళ్లీ మొదటికి.

కోయకుండా రక్తనాళం లోపలి నుంచే వైద్యం చేసే ఈ దారి తెరిచింది సర్జన్ కాదు, చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు. 1964లో పోర్ట్‌లాండ్‌లో, కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల ఆవిడకు కాథెటర్లతోనే తొడలోని ధమనిని వెడల్పు చేశాడు. 1990లో బ్యూనస్ ఎయిరీస్‌లో హువాన్ పరోడీ పొట్టలోని అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) అన్యూరిజంకి, అంటే దాని గోడ ఉబ్బిన చోటికి, గజ్జల్లోంచి గ్రాఫ్ట్ (కృత్రిమ నాళం) పంపాడు. ఆయన సర్జనే. ఇక వైర్ నేర్చుకోక మాకూ తప్పలేదు.

పేషెంటుకి ఇది మేలే, అందులో వాదన లేదు. చిక్కంతా నేర్చుకునేవాడికి. రీనల్ ఆర్టరీల (కిడ్నీ ధమనుల) కింద మంచి మెడ, అంటే ఉబ్బని భాగం, ఉన్న సులువైన అన్యూరిజంలన్నీ స్టెంట్ గ్రాఫ్టుకి, అంటే వైర్ మీదుగా పంపే జాలీ ఉన్న గ్రాఫ్టుకి, వెళ్లిపోతాయి. ఒకప్పుడు మా సార్లు చేయి తిప్పుకున్నది వాటి మీదే. ఇప్పుడు పొట్ట తెరవాల్సి వచ్చేవి మెడ పొట్టిగా ఉన్నవి, పగిలిపోయి వచ్చినవాటిలో కొన్ని, లేదా లోపలి స్టెంట్ గ్రాఫ్టుకి ఇన్‌ఫెక్షన్ సోకి పీకేయాల్సినవి. సీనియర్లకే చెమటలు పట్టే కేసులు. అలాంటిదాంట్లో ట్రైనీకి సూది ఎవరిస్తారు?

నా చేతికి కుట్టు వచ్చింది డయాలిసిస్ ఫిస్టులాల వల్ల. మణికట్టు దగ్గర సన్నటి ధమనికి సిరను కలపడం, లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని, వెంట్రుకలాంటి ప్రోలీన్ దారంతో. తర్వాత బైక్ యాక్సిడెంట్లు. మోకాలి కీలు తప్పి వెనకున్న పాప్లిటియల్ ఆర్టరీ తెగి, పాదం చల్లబడి, అర్ధరాత్రి వచ్చే కుర్రాళ్లు. రెండో కాలి నుంచి సఫీనస్ వెయిన్ అనే పొడవాటి సిర తీసి, లోపలి కవాటాలు రక్తాన్ని ఆపకుండా తిప్పి కుట్టాలి. చెప్పడానికి ఇబ్బందిగానే ఉన్నా ఇంకోటి కూడా ఉంది: స్టెంట్ గ్రాఫ్టుకి లక్షలు పెట్టలేని పేషెంట్ల వల్లే నాకు కొన్ని ఓపెన్ (కోసి చేసే) కేసులు దొరికాయి.

వైర్ పనికి సిమ్యులేటర్ ఉండేది. అయోర్టా కుట్టుకి మా దగ్గర ఏమీ లేదు. మటన్ షాపులో గుండెతో పాటు పెద్ద నాళం కూడా కోయకుండా ఇవ్వమంటే "ఇది ఏం కూర సార్?" అన్నాడు షాపతను. డేట్ అయిపోయిన ప్రోలీన్‌తో దానికి గ్రాఫ్ట్ ముక్కలు కుట్టేవాళ్లం. గ్రాఫ్ట్ కాని సహజమైన నాళంలో సూది లోపలి నుంచి బయటికి రావాలని, లేకపోతే లోపలి పొర విడిపోయి లేస్తుందని అక్కడే వేళ్లకి అలవాటైంది.

మూడో ఏడాదిలో ఒక పెద్దాయన ఓపెన్ అయోర్టా కేసులో సార్ నన్ను కుడివైపు నిలబెట్టారు. ఎడమ రీనల్ వెయిన్ (కిడ్నీ సిర) కనపడగానే దాని కింద అయోర్టాకి రెండు పక్కలా వేళ్లు దించమన్నారు.

"కళ్లతో కాదయ్యా, వేలితో చూడు. వెన్నెముక తగిలిందా?"

తగిలింది. రక్తం ఆపే క్లాంప్ నిటారుగా దించాను. సార్ చెయ్యి నా చేతి మీదే ఉంది. కాథ్‌ల్యాబ్‌లో ఇద్దరం ఒకే స్క్రీన్ చూస్తాం కాబట్టి నోటితో చెప్పినా సరిపోతుంది. గట్టిపడ్డ గోడ ఎక్కడ క్లాంపుకి లొంగుతుందో స్క్రీన్ చూపించదు.

విచిత్రమేమిటంటే, ఫైనల్ ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్ వైర్ల గురించి రెండు ప్రశ్నలడిగి, మిగతా సమయమంతా ఓపెన్ రిపేర్ మీదే నిలబెట్టారు.

ఇప్పుడు నేను చేసేవాటిలో ఎక్కువ భాగం వైర్ పనే. ఈ కోర్సులో చేరతామని ఫోన్ చేసే జూనియర్లకి ఒకటే చెబుతున్నాను: కాథ్‌ల్యాబ్ ఎంత కొత్తదో తర్వాత చూడు, ముందు ఫైనలియర్ వాళ్లు చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ అడుగు. అందులో 'అసిస్టెడ్' అని రాసినవి పక్కన పెట్టి, మిగిలిన ఓపెన్ కేసులు లెక్కపెట్టుకో.