చుక్కలైనా చాలమ్మా

"చుక్కలేనా? అవైనా చాలమ్మా" అన్నారు బాబాయి, నా మోచెయ్యి పట్టుకుని విజయవాడ బీసెంట్ రోడ్డులో నడుస్తూ.

గ్లకోమాతో ఆయన చూపు పోయి 12 ఏళ్లు. పొద్దున చదివి వినిపించాను: స్పెయిన్‌లోని ఎల్చేలో, 16 ఏళ్లుగా చూపు లేని ఒకావిడ మెదడులో, వెనకవైపు చూపుకి సంబంధించిన చోట, 96 ఎలక్ట్రోడ్ల చిన్న పరికరం పెట్టారు. సన్నని కరెంటు పంపితే వెలుగు చుక్కలు. వాటితోనే కొన్ని అక్షరాలు గుర్తుపట్టారట. 6 నెలల తర్వాత తీసేశారు, ప్రయోగమే కదా. 2021లో ఆ వివరాలు బయటికొచ్చాయి.

కంటితో, కంటి నుంచి మెదడుకి వెళ్లే నరంతో పని లేకుండా నేరుగా మెదడుకే! బాబాయికి దెబ్బతిన్నది ఆ నరమే. లేనిపోని ఆశ పెట్టానేమోనని టెన్షన్. ఇంకా పరిశోధనలోనే ఉందని రెండుసార్లు చెప్పాను.

కాసేపాగి అన్నారు, "రాత్రిపూట బ్యారేజీ లైట్లు కూడా దూరం నుంచి చుక్కలే కదా."