నైట్రేట్ ప్రింటు కోసం హాలీవుడ్ దాకా

పాత హాలీవుడ్ సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లు లాస్ ఏంజెలెస్ వెళ్లాలనుకుంటే విమానం టికెట్ కంటే ముందు సినిమా హాళ్ల క్యాలెండర్ చూసుకోవాలి. స్టూడియోలు, సమాధులు, తారల పేర్లతో కాలిబాటలో పొదిగిన నక్షత్రాలు ఏడాది పొడుగునా ఉంటాయి. 1930ల నాటి బొమ్మ అప్పటి నైట్రేట్ ప్రింటు (ఇట్టే అంటుకునే పాతకాలపు ఫిల్మ్) మీద, వెయ్యి మందితో కలిసి పెద్ద తెర మీద చూసే అవకాశం మాత్రం కొన్ని రోజులే దొరుకుతుంది. మేం వసంతంలో నాలుగు రోజుల పాటు జరిగే, పాత సినిమాల టీవీ ఛానెల్ టీసీఎం వాళ్ల క్లాసిక్ ఫిల్మ్ ఫెస్టివల్ చుట్టూ ప్రయాణం అల్లుకున్నాం. 2010లో మొదలైన పండుగ ఇది. ఆ తేదీలు కుదరకపోతే వేరే దారులున్నాయి: ఈజిప్షియన్ థియేటర్‌లో వారాంతాల్లో అమెరికన్ సినిమాథెక్ అనే సినీ సంస్థ వేసే ఆటలు, బెవర్లీ బౌలెవార్డ్‌లో 35, 16 ఎంఎం ఫిల్మ్ మీద మాత్రమే బొమ్మ ఆడించే న్యూ బెవర్లీ, వెస్ట్‌వుడ్‌లో హామర్ మ్యూజియం లోపలి బిల్లీ వైల్డర్ థియేటర్. ఈ చివరిదాంట్లో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయపు ఫిల్మ్ ఆర్కైవ్ వేసే ఆటలకు టికెట్ లేదు, ఉచితం.

ఇండియా నుంచి నేరుగా దిగేవాళ్లకు నిద్ర లెక్క ముఖ్యం. అక్కడ గడియారం గంట ముందుకు జరిపి ఉంచే నెలల్లో మన టైము వాళ్లకంటే పన్నెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ మధ్యాహ్నం మూడయితే మన ఒంటికి తెల్లవారుజాము మూడున్నర. ఆ వేళ చీకటి హాల్లో మెత్తటి కుర్చీలో కూర్చుంటే ఎంత ఇష్టమైన సినిమా అయినా కళ్లు మూతలు పడతాయి. రాత్రి తొమ్మిదికి మాత్రం మనకు పొద్దున తొమ్మిదిన్నర, ఒళ్లు హుషారుగా ఉంటుంది. అందుకే మొదటి రెండు రోజులు మధ్యాహ్నాలు ఎండలో నడకకు, రాత్రులు సినిమాకు కేటాయించడం మంచిది.

హాలీవుడ్‌లో కారు తీసుకుంటే పార్కింగుకే డబ్బూ సమయమూ సరిపోతాయి. మెట్రో బి లైన్ చాలు. ట్యాప్ కార్డు కొని డబ్బు వేసుకుంటే ఒక ప్రయాణం 1.75 డాలర్లు, రెండు గంటల లోపు మారే బస్సూ రైలూ అందులోనే. హాలీవుడ్/హైలాండ్ స్టేషన్ మెట్లెక్కితే చైనీస్ థియేటర్ పక్కనే తేలతాం. బస మాత్రం హాలీవుడ్ బౌలెవార్డ్ మీద వద్దు, రద్దీకి రద్దీ, అద్దెకు అద్దె. అదే లైను మీద నార్త్ హాలీవుడ్ వైపో కొరియాటౌన్ వైపో చూసుకుంటే తేలిక. హాలీవుడ్/వైన్ స్టేషన్‌లో ఒకసారి దిగి పైకి చూడండి. కప్పు నిండా సినిమా రీళ్లు పరిచి ఉంటాయి.

చైనీస్ థియేటర్‌ను సిడ్ గ్రామన్ 1927 మే 18న తెరిచాడు. ముంగిట్లో తారలు తడి సిమెంటులో చేతులూ పాదాలూ అద్ది, సంతకం చేసిన పలకలు దాదాపు రెండు వందలు. మూకీల నాటి తారలు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ముద్రలు హాలు తెరవకముందే, ఏప్రిల్ 30న పడ్డాయి. ఇక్కడికి పొద్దున్నే రావాలి. పది దాటితే పర్యాటక బస్సులు దిగుతాయి, పలకల మీద చెప్పులే తప్ప అక్షరాలు కనిపించవు. ఇంకో కారణం వెలుతురు. సిమెంటులో పుల్లతో గీసిన రాత లోతు తక్కువ. ఎండ ఏటవాలుగా పడితేనే గీతల అంచున నీడ పడి చేతిరాత లేచి కనిపిస్తుంది. నడినెత్తిన సూర్యుడుంటే ఫొటోలో అంతా చదునైన బూడిద రంగే.

చేతులూ పాదాలే కాదు, ఎవరికి పేరు తెచ్చిన వస్తువు వాళ్లు అచ్చు వేశారు. హరాల్డ్ లాయిడ్ గుండ్రటి కళ్లజోడు, సోన్యా హెన్నీ మంచు మీద జారే స్కేట్లు, బెట్టీ గ్రేబుల్ కాలు, జాన్ వేన్ పిడికిలి, రాయ్ రోజర్స్ గుర్రం ట్రిగ్గర్ గిట్టలు. మార్లిన్ మన్రో, జేన్ రస్సెల్ 1953 జూన్ 26న పక్కపక్కన వంగి ముద్రలేశారు. పాతకాలపు పలకల్లో చాలావాటి మీద మొదటి మాట సిడ్‌ను ఉద్దేశించిందే. తారలంతా హాలు యజమానికి రాసిన అభినందన లేఖలవి. ఆ తడి సిమెంటు కలిపి, సరిగ్గా అచ్చు పడే క్షణం కనిపెట్టిన తాపీ మేస్త్రీ పేరు జీన్ క్లోస్‌నర్. పలుచన ఎక్కువైతే ముద్ర పూడిపోతుంది, గట్టిపడిపోతే వేలి గీతలు దిగవు. తారల పేర్లతోపాటు ఆయన పేరూ గుర్తుంచుకోవాలి.

లోపలికి గైడెడ్ టూరు ఉంది గానీ నా మాట వింటే ఏదో ఒక సినిమాకు టికెట్ కొనండి. దీపాలు ఆరకముందు పావుగంట కూర్చుంటే ఆ ఎర్రటి గోడలు, కప్పు నడుమ వేలాడే దీపం తీరిగ్గా చూడొచ్చు. బయట పేవ్‌మెంట్ మీద సూపర్‌హీరో వేషాలవాళ్లు పక్కన నిలబడితే ముందే వద్దనాలి. ఫొటో తీశాక డబ్బు అడుగుతారు.

కాలిబాట నక్షత్రాలు 2,700 పైచిలుకు. చిరునామా తెలియకుండా వెతికితే మెడ నొప్పే మిగులుతుంది. ఒక్క కిటుకు చాలు: హాలీవుడ్ బౌలెవార్డ్‌లో బేసి నంబర్లు ఉత్తరం వైపు, సరి నంబర్లు దక్షిణం వైపు. పడమరకు నడిచే కొద్దీ నంబరు పెరుగుతుంది. వాక్ ఆఫ్ ఫేమ్ సైటులో పేరు కొట్టి నంబరు రాసుకుంటే నేరుగా దాని ముందే ఆగొచ్చు. పేరు కింద ఇత్తడి గుర్తు చూడాలి: కెమెరా ఉంటే సినిమాకు, మైకు ఉంటే రేడియోకు. అప్పట్లో తారలు రేడియో నాటకాల్లోనూ నటించేవారు కాబట్టి ఒకే మనిషికి రెండు మూడు చోట్ల నక్షత్రాలుంటాయి. చాప్లిన్‌ది 1972 దాకా పడలేదు. రాజకీయాలు అంటగట్టి ఆయన పేరును మొదటి జాబితా నుంచే పక్కన పెట్టారు. మనవాళ్లు వెతకాల్సినవి రెండు, వైన్ స్ట్రీట్ దగ్గర్లో. ఒకటి మైసూరు మావటి కొడుకు, నటుడు సాబూది. రెండోది బొంబాయిలో పుట్టి, ఆ మూలాన్ని జీవితమంతా దాచుకుని బతకాల్సి వచ్చిన నటి మెర్ల్ ఒబెరాన్‌ది.

చైనీస్‌కు ఎదురుగా హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్. తొలి అకాడమీ అవార్డులు, అంటే ఆస్కార్లు, 1929 మే 16న ఇక్కడి బ్లాసమ్ రూమ్‌లో ఇచ్చారు, ఓ పావుగంటలో ముగిసిపోయింది. ఫెస్టివల్ రోజుల్లో ఈ గదిలోనే మాటామంతీ, గోష్ఠులు జరుగుతాయి. పాసున్నవాళ్లకు ప్రవేశం.

ఫెస్టివల్ పాసు ఖరీదైనది, పైగా పాసుంటే సీటు ఖాయమని కాదు. ప్రతి ఆటకూ క్యూ కట్టాలి. నంబరు కార్డు ఇస్తారు, అది చేతికొచ్చాక కాస్త అటూ ఇటూ వెళ్లి రావచ్చు. పాసు లేనివాళ్లకు స్టాండ్‌బై లైను ఉంది. పాసుల వాళ్లు లోపలికెళ్లాక మిగిలిన సీట్లు ఆట మొదలయ్యే ముందు అమ్ముతారు. 900 దాటి సీట్లున్న పెద్ద చైనీస్ హాల్లో స్టాండ్‌బై దాదాపు దొరుకుతుంది. తేడా కొట్టేది పక్క మాల్‌లోని మల్టీప్లెక్స్ చిన్న తెరల దగ్గర. సెన్సార్ కట్టుదిట్టం కాకముందు, అంటే 1934కు ముందు తీసిన సినిమాలు అక్కడే వేస్తారు, వాటికి అభిమానులు విరగబడతారు. సీటు దొరక్కపోతే నిరాశ పడనక్కర్లేదు. ఆదివారం షెడ్యూల్లో కొన్ని ఖాళీ గళ్లు వదులుతారు. జనం వెనక్కి తిరిగిపోయిన సినిమాలను వాటిల్లో మళ్లీ వేస్తారు. కాబట్టి ఆదివారం పూర్తిగా నింపుకోకండి. మల్టీప్లెక్స్ నుంచి ఈజిప్షియన్‌కు నడక ఏడెనిమిది నిమిషాలు. రెండు ఆటల నడుమ గంటంబావు లేకపోతే రెండోదాని క్యూలో తోక పట్టుకోవాల్సిందే.

ఈ ప్రయాణానికి అసలు కారణం ఈజిప్షియన్. 1922 అక్టోబర్ 18న తెరిచారు. నెట్‌ఫ్లిక్స్ 2020లో కొని, మరమ్మతులు చేయించి 2023 నవంబర్‌లో మళ్లీ తెరిచింది. అమెరికా మొత్తమ్మీద నైట్రేట్ ఫిల్మ్ ఆడించగల హాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందులో ఇదొకటి. 1950ల తొలినాళ్ల దాకా 35 ఎంఎం సినిమాలకు వాడింది సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్మే. అంటుకుంటే ఆర్పలేం, మంటకు కావాల్సిన ఆక్సిజన్ దానిలోంచే వస్తుంది, నీళ్లలో ముంచినా కాలుతూనే ఉంటుంది. అందుకే ప్రొజెక్టర్ గది మొత్తం నిప్పుకు తట్టుకునేలా కడతారు. రీళ్లు మూతపెట్టిన ఉక్కు డబ్బాల్లో తిరుగుతాయి. గదికీ హాలుకూ మధ్య కిటికీలకు ఇనుప రేకులుంటాయి, వేడి తగలగానే పట్టు కరిగి అవే కిందికి పడతాయి. ఈ గదిని 2016లో పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్, టీసీఎం, అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి సిద్ధం చేయించాయి.

నైట్రేట్‌కు మరో జబ్బు కుంచించుకుపోవడం. ఒక్క శాతం తగ్గినా అంచు రంధ్రాలు ఫిల్మును లాగే స్ప్రాకెట్ చక్రం పళ్ల మీద సరిగ్గా కూర్చోవు, చిరిగిపోతాయి. ఆర్కైవ్ వాళ్లు ప్రతి రీలూ కొలిచి, అతుకులు చూసి పంపుతారు. రీళ్లు కలిపి ఒకే పెద్ద చుట్టగా అతికించడానికి ఒప్పుకోరు. కాబట్టి రెండు ప్రొజెక్టర్లు, మార్చి మార్చి నడపాలి. 2,000 అడుగుల రీలు ఇరవై నిమిషాల చిల్లర వస్తుంది, నిమిషానికి 90 అడుగులు. తెర కుడి పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది, రెండో ప్రొజెక్టర్ మోటారు వేయమని గుర్తు. ఏడు సెకన్ల తర్వాత రెండో చుక్క, అప్పుడు మార్పు. మన ఊళ్ల పాత హాళ్లలో బొమ్మ చూసి పెరిగినవాళ్లకు ఈ చుక్క బాగా ఎరుకే. ఈజిప్షియన్‌లో ఆపరేటర్ల చేయి ఎంత తీరైందంటే, చుక్క కోసం కాచుకుని కూర్చుంటే తప్ప రీలు మారిన సంగతి తెలియదు.

ఇక తెర మీద ఏం కనిపిస్తుంది? నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది, అందులోనూ కోటు మడతలు విడివిడిగా తెలుస్తాయి. వెనకనుంచి దీపం పడ్డ నాయిక జుట్టు అంచు వెండి తీగలా వెలుగుతుంది. సాటిన్ గౌను మీద వెలుతురు మనిషి కదిలినప్పుడల్లా జారుతుంది. దీన్ని నైట్రేట్ మాయ అంటారు చాలామంది. నా ఉద్దేశంలో ఘనతంతా ఫిల్మ్ పదార్థానికే ఇవ్వకూడదు. ఆ ప్రింట్లు అప్పట్లో అసలు కెమెరా నెగెటివ్‌కు చాలా దగ్గరి తరానివి. తర్వాత వచ్చినవి నకలుకు నకళ్లు, ఒక్కో మెట్టుకూ కొంత వివరం రాలిపోతూ వచ్చింది. సీటు విషయంలో ఒక మాట. అప్పటి బొమ్మ దాదాపు చదరం, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లే. తెర పక్కల నల్లగుడ్డ ముందుకొస్తుంది. అందుకని మామూలుకంటే నాలుగైదు వరసలు ముందుకు కూర్చోండి. మన తొలి టాకీల్లో చాలావాటికి ఇప్పుడు ఒక్క ప్రింటూ లేదు. ఆ హాల్లో కూర్చున్న తెలుగువాడికి అది గుర్తుకు రాకుండా ఉండదు.

వెస్ట్‌వుడ్‌కు ఒక సాయంత్రం చాలు. విల్‌షైర్ బౌలెవార్డ్ పెద్ద భవనాల వెనక, దారి తెలియకపోతే దాటిపోయేంత చిన్న శ్మశానం ఉంది. మార్లిన్ మన్రోది అక్కడ గోడలోని సమాధి అర, పేరూ 1926–1962 అన్న అంకెలూ తప్ప మరేం లేని కంచు పలక. అభిమానుల లిప్‌స్టిక్ ముద్దులతో ఆ రాయి చుట్టుపక్కల వాటికంటే రంగు మారింది. కాస్త దూరంలో గడ్డిలో నటుడు జాక్ లెమన్, దర్శకుడు బిల్లీ వైల్డర్. ఇద్దరి రాళ్ల మీదా చమత్కారమే చెక్కించుకున్నారు. సాయంత్రం గేటు మూసేలోపు చూసుకుని, కొద్ది నిమిషాలు నడిచి వైల్డర్ పేరిటి థియేటర్‌లో ఉచిత ఆట చూడొచ్చు.

హాలీవుడ్ ఫరెవర్ శ్మశానం శాంటా మోనికా బౌలెవార్డ్ మీద, వెనక గోడకు ఆనుకుని పారమౌంట్ స్టూడియో. గేటు పక్క పూల దుకాణంలో మ్యాప్ కొనాలి, అది లేకపోతే మధ్యాహ్నమంతా తిరగాల్సిందే. మూకీ హీరో వాలెంటినో కెథెడ్రల్ మాసోలియం అనే సమాధి మందిరం లోపల, మూలన, 1205వ అర. ఫెయిర్‌బ్యాంక్స్ సమాధి ముందు పొడవాటి నీటి కొలను, నటి జూడీ గార్లండ్‌ను 2017లో న్యూయార్క్ నుంచి ఇక్కడికి మార్చారు. నేను ఎక్కువసేపు నిలబడింది చెరువు గట్టున హాటీ మెక్‌డేనియల్ స్మారకం దగ్గర. ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి నటి ఆమె. 1940లో ఆ రాత్రి కూడా ఆమెను విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 1952లో చనిపోయేముందు ఈ శ్మశానంలోనే పూడ్చమని కోరితే నల్లవాళ్లకు చోటు లేదన్నారు. ఈ రాయి 1999లో పెట్టింది, సమాధి మాత్రం రోజ్‌డేల్ శ్మశానంలోనే ఉంది. ఆ కాలపు సినిమాలను ప్రేమించేవాళ్లు ఆ కాలం ఆమెకు చేసింది కూడా తెలుసుకునే ప్రేమించాలి.

గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానంలో తారలు గేబుల్, లొంబార్డ్, బోగార్ట్ ఉన్నారు గానీ చాలా భాగం తాళాల వెనక. సిబ్బంది దారి చెప్పరు. సమయం తక్కువుంటే వదిలేయండి. 1919 నాటి రెస్టారెంట్ ముసో అండ్ ఫ్రాంక్‌లో భోజనానికి ముందే బుక్ చేసుకోవాలి. శాకాహారులకు ఫెట్టుచినీ ఆల్‌ఫ్రెడో ఉంది.

లా సియెనెగా బౌలెవార్డ్‌లోని మార్గరెట్ హెరిక్ లైబ్రరీ ఆస్కార్లు ఇచ్చే అకాడమీది, ఎవరైనా వెళ్లొచ్చు, రుసుము లేదు. 1928 నాటి నీటి శుద్ధి కేంద్రం భవనం. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. గుర్తింపు కార్డుగా పాస్‌పోర్ట్ సరిపోతుంది. సంచీ లాకర్లో పెట్టి పెన్సిల్, ల్యాప్‌టాప్ మాత్రం తీసుకెళ్లాలి, పెన్ను పనికిరాదు. ప్రత్యేక సేకరణలు కావాలంటే ఏ పెట్టె, ఏ ఫైలో ముందుగానే ఈమెయిల్‌లో రాయాలి, అప్పటికప్పుడు అడిగితే దొరకవు. ఫొటో తీసే ముందు డెస్కులో అడగాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు అడగాల్సింది ప్రొడక్షన్ కోడ్ ఫైళ్లు, అంటే అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమావళివి. ఆ నియమావళిని అమలు చేసిన జోసెఫ్ బ్రీన్ ఆఫీసు స్టూడియోలకు టైపు కొట్టి పంపిన అభ్యంతరాలు సినిమా వారీగా ఉన్నాయి. కసబ్లాంకా సినిమాకు పంపిన వాటిలో పారిస్ రోజుల్లో నాయకుడు రిక్, నాయిక ఇల్సా కలిసి పడుకున్నారన్న సూచన తీసేయమన్నారు. వీసాలకు బదులు ఆడవాళ్లను అడిగే పోలీసు అధికారి మాటలు పలుచన చేయమన్నారు. ఈ కాగితాలు ముందురోజు చదివి మర్నాడు సినిమా చూస్తే, కెమెరా ఎక్కడ చూపు తిప్పుకుందో, ఏ దృశ్యం మసకబారి ఎందుకు ఆగిందో తెలుస్తుంది. కాబట్టి లైబ్రరీని ప్రయాణం చివరికి నెట్టకుండా ఫెస్టివల్ మొదలయ్యే ముందు రోజుల్లోనే పెట్టుకోండి.