రింగింగ్ రెండుసార్లు లెక్కకొచ్చింది: ఐబిస్ మోడల్‌తో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు. అక్కడ ఒక క్లాక్ బోర్డు మీద పని చేస్తున్నాం. 3.3 వోల్టుల ఔట్‌పుట్ బఫర్ (సిగ్నల్‌ను బయటికి తోసే చిప్ భాగం), 15 సెంటీమీటర్ల ట్రేసు (బోర్డు మీది రాగి గీత), చివర రిసీవర్. బఫర్ పక్కన పాత డిజైన్ నుంచి అలాగే వచ్చేసిన 22 ఓమ్‌ల రెసిస్టర్. బోర్డు మీద రింగింగ్ ఉంది, అంటే సిగ్నల్ మారాక కాసేపు పైకీ కిందికీ ఊగుతోంది. చిప్ కంపెనీ ఇచ్చిన ఐబిస్ మోడల్‌తో (బఫర్ ప్రవర్తనను పట్టికల్లో చెప్పే ఫైలు) నడిపిన సిమ్యులేషన్‌లోనూ ఉంది, కానీ రెండిటికీ పొంతన లేదు.

సిమ్యులేషన్‌లో రెండు రకాల ఊగుడు కనిపించింది. ఒకటి 4 నానోసెకన్ల పీరియడ్‌ది. అది ట్రేసు వల్లే: ఎఫ్ఆర్4 (మామూలు బోర్డు పదార్థం) మీద 15 సెంటీమీటర్లు దాటడానికి సుమారు 1 నానోసెకను. రిసీవర్ దాదాపు ఓపెన్, అల రెండుసార్లు వెళ్లి వస్తేనే ఒక ఊగుడు పూర్తవుతుంది, కాబట్టి నాలుగింతలు. రెండోది దాని మీదెక్కిన సన్నటి రింగింగ్, 1.3 గిగాహెర్ట్జ్ దగ్గర. ప్యాకేజ్ (సిలికాన్ నుంచి పిన్ దాకా ఉండే తొడుగు, తీగలు) ఇండక్టెన్స్ 3 నానోహెన్రీలు, సీకాంప్ (సిలికాన్ ప్యాడ్ దగ్గరి కెపాసిటెన్స్) 5 పికోఫారడ్లు. ఎల్‌సి రెజొనెన్స్ ఫార్ములాలో వేస్తే వచ్చేది అదే. స్కోప్‌లో మాత్రం దాని జాడే లేదు.

మా లీడ్‌ది కడప. స్క్రీన్ చూసి, "ఏమప్పా, బోర్డు కంటే నీ మోడలే ఎక్కువ ఊగుతాందే?" అన్నారు.

"500 మెగాహెర్ట్జ్ స్కోప్ కదన్నా, దానికి ఇది ఎక్కడ కనబడుతుంది?"

పక్క టీమ్ నుంచి 4 గిగాహెర్ట్జ్ స్కోపు, యాక్టివ్ ప్రోబు తెచ్చుకున్నాం. పొడుగాటి గ్రౌండ్ వైరు పీకేసి, పిన్ పక్కనే స్ప్రింగ్ ఆనించాను. ఆ వైరుకు సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీలు ఉంటాయి, లేని రింగింగ్‌ను అదే పుట్టిస్తుంది. ఈసారి సన్నటి రింగింగ్ కనిపించింది. కానీ సిమ్యులేషన్ చూపించినదాంట్లో సగం కూడా లేదు. ఇక అనుమానం మోడల్ మీదికి మళ్లింది.

ట్రాన్సిస్టర్ల నెట్‌లిస్టు (లోపలి సర్క్యూట్ వివరం) బయటపెట్టడం చిప్ కంపెనీలకు ఇష్టం ఉండదు. అందుకే 1993లో ఐబిస్ పుట్టింది. లోపలి సర్క్యూట్ ఉండదు, పట్టికలే: ఏ వోల్టేజీకి ఎంత కరెంటు అని ఐ-వి, ఏ క్షణానికి ఎంత వోల్టేజీ అని వి-టి. మొదటి వెర్షన్‌లో అంచుకు ర్యాంప్ (ఎంత వేగంగా మారుతుందో చెప్పే ఒక్క అంకె) మాత్రమే ఉండేది, వి-టి పట్టికలు వెర్షన్ 2లో చేరాయి. నా లెక్కలో అసలు విషయం ఒకటే. వి-టి పట్టిక సిలికాన్ ప్యాడ్ దగ్గరిదై ఉండాలి. ప్యాకేజ్‌ను సిమ్యులేటరే తర్వాత కలుపుకుంటుంది.

ఫైలును టెక్స్ట్ ఎడిటర్లో తెరిచాను. రైజింగ్ వేవ్‌ఫామ్ అంకెలు ఎక్కుతూ పోయి, పైన దాటి, దిగి, మళ్లీ ఎక్కుతున్నాయి. ఫిక్స్చర్ (కొలిచేటప్పుడు పెట్టిన లోడు) 50 ఓమ్‌లే, ఇండక్టెన్స్ ఊసే లేదు. సోర్స్ వరుసలో ల్యాబ్ కొలత అని రాసి ఉంది. పిన్ దగ్గర కొలిచి తెచ్చినట్టున్నారని అప్పుడే తట్టింది.

తేల్చుకోవడానికి ప్యాకేజ్ విలువలన్నీ సున్నా చేసి, అదే 50 ఓమ్‌ల లోడు పెట్టి, పట్టికను పైన పరిచి చూశాను. గీత మీద గీత కూర్చుంది, రింగింగ్‌తో సహా. ప్యాకేజ్ తిరిగి పెడితే ఊగుడు ఇంకా పెరిగింది. ప్యాకేజ్ రెండుసార్లు లెక్కలోకొస్తోందన్నమాట. పోనీ ప్యాకేజ్ తీసేసి సరిపెట్టుకుందామా అంటే అదీ కుదరదు, పట్టికలోని ఊగుడు 50 ఓమ్‌ల లోడుది, నా ట్రేసుది కాదు. వి-టి వరుసల ముందు నిలువు గీతలు పెట్టి కామెంట్ చేసి, ర్యాంప్ మీదే నడిపాను. అంచు ఆకారం మొరటుగా వచ్చింది గానీ, సన్నటి రింగింగ్ స్కోప్‌కు బాగా దగ్గరైంది.

కంపెనీవాళ్లకు ఈ గ్రాఫులు పంపితే మొదట "పార్సర్‌లో (ఐబిస్ ఫైలును తనిఖీ చేసే ప్రోగ్రాం) ఎర్రర్లు లేవు కదా" అని జవాబొచ్చింది. పార్సర్ చూసేది ఫైల్ వ్యాకరణం, పట్టికల పొంతన. ప్యాడా పిన్నా అని అది ఎలా చెబుతుంది? 50 ఓమ్‌ల పోలిక పంపాక గానీ స్పైస్ (ట్రాన్సిస్టర్ స్థాయి సిమ్యులేషన్) నుంచి తీసిన కొత్త ఫైలు రాలేదు.

మిగిలిన పని త్వరగా అయింది. పుల్‌డౌన్ (ఔట్‌పుట్‌ను కిందికి లాగే భాగం) పట్టికలో 0.1 వోల్టు దగ్గర 6 మిల్లీయాంపులు, అంటే బఫర్ దాదాపు 17 ఓమ్‌లు. బఫర్, రెసిస్టర్ కలిసి ట్రేసు 50 ఓమ్‌లతో సమానం కావాలి కాబట్టి 33 కలిపితే సరి. మ్యాక్స్ కార్నర్‌లో (చిప్ అత్యంత బలంగా ఉండే పరిస్థితి) బఫర్ 12 ఓమ్‌లకు దిగుతుంది, సప్లై 3.6. అక్కడ 22తో రిసీవర్ దగ్గర 4.3 వోల్టుల దాకా వెళ్లింది, పరిమితి 4.1. 33తో 3.8 దగ్గర ఆగింది. మిన్ కార్నర్‌లో (అత్యంత బలహీనంగా) 24 ఓమ్‌లు, 3 వోల్టులు. 33తో రిసీవర్ దగ్గర మొదటి మెట్టు 2.8 వోల్టులు, అది హై అని గుర్తించడానికి 2 చాలు. బోర్డులో 33 వేయమని చెప్పేశాం.