ఇద్దరూ ‘తండ్రీ’ అనే అన్నారు

మొన్న రాత్రి మా అమ్మాయి లెక్కల పుస్తకం ముందేసుకుని పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. “చదువు తల్లీ, రేపు పరీక్ష కదా” అన్నాను. అన్నాక నాకే ఏదోలా అనిపించింది. ఆ సాగదీత, ఆ “కదా” దగ్గర కాస్త బరువు, అచ్చం మా నాన్న గొంతు. ఆయన నన్ను అలా అన్నప్పుడల్లా వెనకాలే ఒక పద్యం కూడా తగిలించేవారు. నాకు అక్షరాలు సరిగా రాయడం రాకముందే నోటికొచ్చేసిన పద్యం అది.

చదువనివాఁ డజ్ఞుండగు
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

చదువుకోనివాడు అజ్ఞాని అవుతాడు, చదివితే మంచీచెడూ తెలుసుకునే నేర్పు వస్తుంది, పెద్దల దగ్గర చదివిస్తాను, చదువుకో నాయనా అని. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ఏ ఇంట్లోనైనా గోడకు రాసుకోదగ్గ మాట. ఇది హిరణ్యకశిపుడి నోటి మాటని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిశాక కాస్త నవ్వొచ్చింది కూడా. మన ఇళ్ళల్లో పిల్లలకు ఇంత ప్రేమగా నేర్పే పద్యాన్ని పోతన గారు ఎవరి నోట పలికించారో చూడండి!

భాగవతం సప్తమ స్కంధం అంటే మనకు ముందు గుర్తొచ్చేది స్తంభం, గోళ్ళు, గర్జన. కానీ కథ మొదలయ్యేది ఒక మామూలు ఇంట్లోలాగే. కొడుకును బడిలో వేయాలి. శుక్రాచార్యుల కొడుకులు చండామార్కుల దగ్గర చేర్పించారు. కొంతకాలం అయ్యాక ఏం నేర్చుకున్నాడో చూద్దామని తండ్రి ఇంటికి రప్పించుకున్నాడు. మూలంలో ఇక్కడ ఒక చిన్న ముచ్చట ఉంటుంది. తండ్రి దగ్గరకు పంపేముందు తల్లి పిల్లవాడికి స్నానం చేయించి అలంకరించింది. వాడు వచ్చి కాళ్ళ మీద పడితే తండ్రి లేవనెత్తి, కావలించుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల వాసన చూసి, ఆ తల మీద కన్నీళ్ళు రాల్చాడు. మూడు లోకాలనూ గడగడలాడించినవాడు ఐదేళ్ళ పిల్లవాడి తల మీద కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మనం సినిమాల్లో చూసే గద, మీసం, వికటాట్టహాసం మధ్య ఈ కన్నీళ్ళు ఎక్కడో జారిపోయాయి.

“నాయనా, నేర్చుకున్నదాంట్లో మంచిదేదైనా చెప్పు” అన్నాడు. దానికి ప్రహ్లాదుడి జవాబు:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ!

రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండూ కందాలే. ఆయన కూడా “తండ్రీ” అనే ముగించాడు, వీడూ “తండ్రీ” అనే ముగించాడు. తెలుగులో మనం కొడుకుని ముద్దుగా తండ్రీ అంటాం, కూతుర్ని తల్లీ అంటాం. పుట్టించినవాడి పేరే పుట్టినవాడికి పెడతాం. సంస్కృత మూలంలోనూ హిరణ్యకశిపుడు కొడుకుని “తాత” అనే పిలిచాడు. అక్కడ ఆ మాట తండ్రికీ చెల్లుతుంది, బిడ్డకీ చెల్లుతుంది. మన దగ్గరికి వచ్చేసరికి అది ఇంకో తరం పైకెక్కి తాతయ్య అయిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఈ పిలుపులో ఒక చిక్కుంది. బిడ్డను తండ్రీ అన్నప్పుడు అందులో ఎంత ముద్దుందో అంత ఆశా ఉంది. నువ్వంటే మళ్ళీ నేనే. నేను చేయలేకపోయింది నువ్వు చేయాలి. హిరణ్యకశిపుడికి ఆ చేయలేకపోయింది ఏమిటో మనకు తెలుసు. తోడబుట్టిన హిరణ్యాక్షుడిని వరాహమూర్తి చంపాడు. ఆ పగ తీరలేదు. విచిత్రం ఏమిటంటే అన్నదమ్ముడు పోయినప్పుడు తల్లి దితినీ, ఇంటి ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి, ఆత్మకు చావు లేదు, ఏడవడం దేనికి అని బ్రహ్మాండమైన వేదాంతం చెప్పినవాడు ఈయనే. ఇతరులకు చెప్పినంత హాయిగా తనకు చెప్పుకోలేకపోయాడు. ఆ తీరని బాకీని కొడుకు పద్దులో రాశాడు.

నాకు తెలిసిన చాలా ఇళ్ళల్లో ఇలాంటి పద్దొకటి ఉంటుంది. అక్కడ పగ ఉండదు, చదవలేకపోయిన చదువు ఉంటుంది, రాలేదనుకున్న ఉద్యోగం ఉంటుంది, నలుగురిలో పడ్డ మాట ఉంటుంది. మా నాన్న చదవాలనుకుని డబ్బు లేక చదవలేకపోయిన చదువులో నన్ను చేర్పించారు. ఒక ఏడాది చదివి నా వల్ల కాదని వదిలేశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు నన్ను పూర్తి పేరుతో పిలిచారు, అంతే. అన్నం తినడానికి పిలిచినా ఇంటిపేరు తప్ప అంతా ఉండేది. ఆ పేరు వినపడినప్పుడల్లా కడుపులో టెన్షన్. ఫలానా వాళ్ళబ్బాయి అనిపించుకోవడం ఇష్టం లేదని అంతకుముందు ఎగిరేవాణ్ణి. తీరా ఆ “తండ్రీ” ఆగిపోయాక నేనెవరో నాకే సరిగ్గా తెలియలేదు.

ప్రహ్లాదుడి దగ్గర నాకు ఆశ్చర్యం కలిగించేది ఇదే. వాడు బడి ఎగ్గొట్టలేదు. గురువులు చెప్పిన సామదానభేదదండాలన్నీ వచ్చు. ధర్మశాస్త్రం, అర్థశాస్త్రం వచ్చు. తండ్రి ఏ పరీక్ష పెట్టినా ప్యాసయ్యేవాడే. అన్నీ చదివి, ఆ చదువుల లోపల ఉన్నదాన్ని కూడా చదివాననీ, ఆ మర్మం విష్ణుభక్తి అనీ చెప్పాడు. మాటలో ఎదిరింపు లేదు, పిలుపులో మార్పు లేదు.

ఆ జవాబుకి తండ్రి కళ్ళు మూసుకుపోయి ఒళ్ళో ఉన్నవాణ్ణి నేల మీదికి తోసేశాడు. ఇందాక కన్నీళ్ళతో తడిసిన తలే అది. శరీరంలో కుళ్ళిన అవయవాన్ని వైద్యుడు కోసేసినట్టు వీణ్ణి కోసేయాలన్నాడు. దీనికంటే ముందే గురువు కూడా అనేశాడు, దైత్యులనే చందనవనంలో ముళ్ళచెట్టు పుట్టిందని. మన మాటలో చెప్పాలంటే “వంశంలో చెడబుట్టావురా” అని. అన్నవాళ్ళెవరు? తండ్రి శుక్రాచార్యుల పేరు మీద రాజుగారి కొలువులో బడి నడుపుకుంటున్న అన్నదమ్ములు. పాపం వాళ్ళకూ వాళ్ళ వంశం బరువుంది. కుర్రాడు దారిలోకి రాకపోతే మాట పడేది వాళ్ళే.

మరి ఈ ముళ్ళచెట్టు ఎక్కడి విత్తనం? తోటి పిల్లలు అదే అడిగారు. ప్రహ్లాదుడు చెప్పాడు: తండ్రి తపస్సుకు వెళ్ళినప్పుడు ఇంద్రుడు తల్లిని పట్టుకుపోతుంటే నారదుడు అడ్డుపడి తన ఆశ్రమంలో ఉంచి జ్ఞానం బోధించాడు. కడుపులో ఉన్న నేను విన్నాను. చాలాకాలం అయింది కాబట్టి మా అమ్మ మర్చిపోయింది, నేను మర్చిపోలేదు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోతుంటాను. వారసత్వం అంటే మనం తండ్రి ఆస్తి, తండ్రి పేరు, తండ్రి పట్టుదల లెక్కేసుకుంటాం. ఇక్కడ బిడ్డకు దక్కింది తల్లి మర్చిపోయిన మాట. ఆవిడకు తన దగ్గర అదొకటి ఉందనే తెలియదు. ఇవ్వాలనుకుని ఇచ్చిందీ కాదు. నాన్న ఇవ్వాలని ఎంతో కూడబెట్టిన రాజ్యం పక్కనే ఉంది, ఇది మాత్రం చడీచప్పుడు లేకుండా చేతులు మారింది.

స్తంభం పగిలింది. తండ్రి నరసింహస్వామి తొడల మీద ప్రాణం వదిలాడు. కొడుకును ఒళ్ళోంచి తోసినవాడికి దొరికిన ఒడి అది. స్వామి చేయి పిల్లవాడి తల మీద పడింది. వరం కోరుకో అంటే ప్రహ్లాదుడు అడిగింది, తనను చంపబోయిన తండ్రి పవిత్రుడు కావాలని. అప్పుడు స్వామి అన్నాడు: నీవంటివాడు పుట్టిన ఇల్లు కాబట్టి నీ తండ్రి ఇరవై ఒక్క మంది పితరులతో సహా ఎప్పుడో పవిత్రుడయ్యాడు. నువ్వు కులపావనుడివి. వెళ్ళి తండ్రికి చేయవలసిన కర్మలు చేయి, తండ్రి సింహాసనం మీద కూర్చో.

కొడుకు పుడితే వంశోద్ధారకుడు పుట్టాడంటారు కదా. ఆ మాటకు పూర్తిగా తగినవాడిని చండామార్కులు ముళ్ళచెట్టు అన్నారు. ఇక స్వామి ఆ పిల్లవాణ్ణి రాక్షస కులంలోంచి తీసి వేరే ఎక్కడో పెట్టలేదు కూడా. అదే ఇల్లు, అదే సింహాసనం, అదే కర్మకాండ. గీతలో పదో అధ్యాయంలో కృష్ణుడు తన విభూతులు చెప్తూ “ప్రహ్లాదశ్చాస్మి దైత్యానాం” అన్నాడు. దైత్యులలో ప్రహ్లాదుణ్ణి నేను అని. భక్తులలో అని ఉండొచ్చు, అనలేదు. వాడి ఇంటిపేరు అలాగే ఉంచాడు.

ఇంత చేస్తే తర్వాతి తరం బంగారంలా ఉంటుందనుకుంటాం. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు. ఛాందోగ్యోపనిషత్తులో కనిపించే విరోచనుడు ప్రజాపతి దగ్గర ఆత్మవిద్య కోసం ముప్ఫై రెండేళ్ళు బ్రహ్మచర్యం చేసి, నీళ్ళలో నీడ చూసుకుని, శరీరమే ఆత్మ అనుకుని తృప్తిగా ఇంటికి వెళ్ళిపోయాడు. భాగవతమేమో, బ్రాహ్మణ వేషాల్లో వచ్చి యాచించిన దేవతలకు తెలిసి తెలిసి ఆయుష్షు ఇచ్చేసిన దాత అంటుంది. ఏ పిల్లవాణ్ణయినా ఒక్క మార్కుల కాగితంతో తేల్చలేమన్నట్టు.

విరోచనుడి కొడుకు బలి. ఇక్కడ కథ మళ్ళీ చిత్రంగా తిరుగుతుంది. మూడడుగులు అడగడానికి వచ్చిన వామనుడు ముందు చేసిన పని వంశాన్ని పొగడటం. మీ ఇంట్లో ఇస్తానని తప్పినవాడు లేడు, మీ తాత ప్రహ్లాదుడు ఆకాశంలో చంద్రుడిలాంటివాడు అని. (అదితి కొడుకు కాబట్టి వామనుడు వరసకు హిరణ్యకశిపుడికి తమ్ముడు, ప్రహ్లాదుడికి చిన్నాన్న, బలికి ముత్తాత వరస. గొడుగు పట్టుకుని వచ్చిన ఆ బుజ్జి బ్రహ్మచారి!) అప్పుడు శుక్రాచార్యుడు వద్దన్నాడు, మాట వెనక్కి తీసుకో అన్నాడు. శుక్రుడి కొడుకుల మాట తాత వినలేదు, శుక్రుడి మాట మనవడు వినలేదు. బలి చెప్పిన కారణం వినండి: ప్రహ్లాదుడి వంశంలో పుట్టినవాణ్ణి, ఇస్తానని డబ్బాశతో మోసగాడిలా కాదనడం ఎలా?

అంటే వంశం బరువు ఎప్పుడూ రాయే అవుతుందని కాదు. ప్రహ్లాదుడి మెడకు రాయి కట్టినట్టు కట్టిన అదే వంశగౌరవం, రెండు తరాలు తిరిగేసరికి బలి చేతికి ఊతకర్ర అయింది. మధ్యలో జరిగింది ఒక్కటే, ఆ వంశానికి గౌరవం అంటే ఏమిటో ఐదేళ్ళ పిల్లవాడు ఒకడు మార్చేశాడు. పూర్తిగా మారిందా అంటే అదీ లేదు. బలి కొడుకు బాణాసురుడు వేయి చేతుల గర్వంతో మళ్ళీ హిరణ్యకశిపుడిలాగే తయారయ్యాడు. కృష్ణుడు ఆ చేతులు నరికి నాలుగు మాత్రం ఉంచి వదిలేశాడు. నీ వంశం వాళ్ళను చంపనని ప్రహ్లాదుడికి మాటిచ్చాను అన్నాడు. ఏమీ చేయనివాడికి కూడా ఆ వంశం పుణ్యం దక్కింది.

బలి ఓడిపోయిన ఘట్టానికి మళ్ళీ వస్తాను. భూమి పోయింది, స్వర్గం పోయింది. వరుణపాశాలతో కట్టేసి ఉన్నాడు. అప్పుడు తాత వచ్చాడు. అంతకుముందు తాత వస్తే ఎదురెళ్ళి పూజ చేసేవాడు, ఇప్పుడు చేతులు కదలవు. తల మాత్రం వంచి, కళ్ళనిండా నీళ్ళతో, సిగ్గుతో ముఖం దించుకున్నాడని వ్యాసులవారు రాశారు. ఇంటికి పెద్ద దిక్కు వచ్చేసరికి సర్వం పోగొట్టుకుని నిలబడ్డ పిల్లవాడి ముఖం అది. ఆ ముఖం నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు మా గుమ్మంలో అలాగే నిలబడ్డాను.

ప్రహ్లాదుడు మనవణ్ణి ఒక్క మాట అనలేదు. స్వామికి నమస్కరించి, ఇంద్రపదవి ఇచ్చిందీ నువ్వే, తీసుకున్నదీ నువ్వే, రెండూ బాగానే ఉన్నాయి అన్నాడు. మనవడు పోగొట్టుకున్నదాన్ని తాత లెక్కలోకే తీసుకోలేదు.

స్వామి ప్రహ్లాదుణ్ణి “నాయనా” అని పిలిచి, కింది లోకమైన సుతలానికి వెళ్ళు, నీ మనవడితో కలిసి సంతోషంగా ఉండు, అక్కడ గద పట్టుకుని నిలబడి ఉన్న నన్ను రోజూ చూస్తావు అన్నాడు. తాతా మనవడూ కలిసి వెళ్ళారు. ఒకప్పుడు తండ్రి కొలువులో స్తంభం పగిలితే తప్ప కనపడనివాడు, ఇప్పుడు మనవడి ఇంటి గుమ్మం పక్కన కాపలా ఉన్నాడు.