ఎడమ ఇండికేటర్

"మీ దేశంలో కార్లు ఎలా నడుపుతారో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం ఎటు తిరగబోతున్నావో వెనకవాడికి ముందుగా చెప్పాలి" అన్న మాట ఎనభై ఏళ్లు దాటిన మనిషి నోట వచ్చినప్పుడు ఎదురు చెప్పడం నా పెంపకంలో లేదు. తల వంచుకుని విన్నాను. అయితే ఆ మాటలో రెండో సగం కంటే మొదటి సగమే నన్ను చాలా రోజులు వెంటాడింది.

నేను ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో కేర్ వర్కర్‌గా పని చేస్తున్నాను. 2022 ఫిబ్రవరిలో ఈ దేశం కేర్ వర్కర్లకు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టాక వచ్చినవారిలో నేనూ ఒకదాన్ని; 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు. ఒక వృద్ధురాలికి స్నానం చేయించి, మందులిచ్చి, వెంటనే కారెక్కి మరొక ఊళ్లో ఇంకొకరి మంచం దగ్గరికి చేరుకోవాలి. మన లైసెన్సు ఇక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది కనుక ఆలోపే ఇక్కడి పరీక్ష రాసి, బండి నడిపి చూపించి లైసెన్సు తెచ్చుకున్నాను. కారు లేకపోతే ఈ ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. అందుకే నేను కొన్న పాత కారుకు ఏ చిన్న జబ్బు చేసినా నాకు నిద్ర పట్టదు.

నన్ను మందలించిన పెద్దాయన బస్సు డిపోలో మెకానిక్‌గా పని చేసి రిటైరయ్యారు. ఆయన భార్యకు పక్షవాతం; ఆమెను చూసుకోవడానికే నేను ఆ ఇంటికి వెళతాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తుంటారు. ఆ రోజు నేను వాళ్ల సందులోకి ఎడమకు తిరిగినప్పుడు వెనక లైటు వెలగలేదని గమనించి, నేను గుమ్మం తొక్కకముందే అడిగేశారు. అంతకుముందు వారాంతంలోనే అన్ని లైట్లూ చూసి, ఏజెన్సీ ఇచ్చిన కాగితంలో టిక్కులు పెట్టాను. రాత్రంతా కురిసిన వానకు ఏదో జరిగి ఉంటుంది. ఆ సంగతి చెప్పాను కూడా. ఆయనకు అది ముఖ్యం కాలేదు.

మన దగ్గర బండి నడిపేవాళ్లు వెనకవాడికి చెప్పరా? నిజానికి మన రోడ్ల మీద జరిగినంత సంభాషణ నేను ఇంకెక్కడా చూడలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా అన్నయ్య లారీల వైరింగ్ పని చేస్తాడు. అతని వెనక సీట్లో కూర్చుని పెరిగినదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా అనగలను. హైవే మీద లారీ డ్రైవర్ కుడి ఇండికేటర్ వేశాడంటే ఎదురుగా ఏమీ రావడం లేదు, దాటిపో అని అర్థం. తాను నిజంగా కుడికి తిరగాలంటే చెయ్యి బయట పెడతాడు. ఎడమ పక్క క్లీనర్ తలుపు మీద చరుస్తాడు. ఆటోవాడు కాలు చాపుతాడు. నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా వెళ్లేవాడు నాలుగు లైట్లూ ఒకేసారి కొట్టిస్తాడు. బెంజి సర్కిల్ దాటేవాడు పక్కవాడి మెడ ఎటు వాలుతుందో చూసి అతను ఎటు పోతాడో చెప్పగలడు.

అలాగని అంతా బాగుందని చెప్పలేను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. అందులో ఇండికేటర్ల వాటా ఎంతన్నది వేరే సంగతి. మితిమీరిన వేగం, హెల్మెట్ లేకపోవడం ముందుంటాయి. కానీ ఒకే లైటుకు నెల్లూరు లారీవాడు ఒక అర్థం, కొత్తగా కారు కొన్న కుర్రవాడు ఇంకొక అర్థం చెప్పుకుంటే, ఆ రెండు అర్థాల మధ్య ఎవరో ఒకరు పోతారు. దీన్ని నేను కాదనను. నన్ను బాధించింది వేరే: మనవాళ్లు పక్కవాడి గురించి ఆలోచించరన్న ధోరణి ఆ మాటలో నాకు వినిపించింది. వెనకవాడి కోసం ఎదురు రోడ్డు చూసి పెట్టే లారీ డ్రైవర్‌కు ఆ నింద తగదు.

ఇక్కడ ఇండికేటర్ మీద ఇంత పట్టింపు ఎందుకో నాకు రౌండ్ అబౌట్ల దగ్గర, అంటే మధ్యలోని దిమ్మె చుట్టూ తిరిగి వెళ్లే కూడళ్ల దగ్గర, బోధపడింది. హారన్ కొట్టరు, కొడితే తిట్టినట్టు లెక్క. లోపల తిరుగుతున్న కారుకు దారి ఇవ్వాలి కనుక, బయట ఆగినవాడు ఆ కారు ఎడమ ఇండికేటర్ కోసమే కాచుకుని ఉంటాడు. అది వెలిగితే ఆ కారు తన ముందుకు రాకుండా బయటికి పోతుందని అర్థం, తాను లోపలికి రావచ్చు. వెలగకపోతే ఆగిపోతాడు, అతని వెనక వరుసంతా ఆగిపోతుంది. ఎవరి ముఖమూ ఎవరూ చూడరు, ఆ పసుపు లైటు ఒక్కటే చూస్తారు. అది పోయిన రోజున నేను నోరున్నా మూగదాన్ని అయినట్టే.

గ్యారేజీకి ఇస్తే కారు ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. ఆ మధ్యలో పోయే షిఫ్టుల డబ్బు ఎవరూ ఇవ్వరు. చివరి ఇల్లు ముగించుకుని వెళ్లబోతుంటే ఆ పెద్దాయన ఫోన్ చేసి, ఇంకా వెలుతురు ఉంది, కారు మా ఇంటి ముందుకు తీసుకురా అన్నారు. మోకాళ్లు వంగవు కనుక గుమ్మంలో కుర్చీ వేయించుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. చెయ్యాల్సిందంతా నా చేత చేయించారు.

ముందు హజార్డ్ లైట్లు, అంటే ఇండికేటర్లన్నీ ఒకేసారి కొట్టుకునేలా వేసి చుట్టూ తిరిగి చూడమన్నారు. అన్నీ వెలుగుతున్నాయి, వెనక ఎడమది తప్ప. కాబట్టి ఫ్యూజు పోలేదు, తప్పు స్టీరింగ్ పక్కనున్న స్విచ్చుదీ కాదు. ఎడమకు వేస్తే మాత్రం టిక్ టిక్ శబ్దం రెట్టింపు వేగంతో వస్తోంది; ఒక బల్బు వెలగకపోతే ఆ వైపు లాగే కరెంటు తగ్గుతుంది, ఆ తగ్గుదలను పసిగట్టి డ్రైవర్‌కు తెలియాలనే వేగం పెరిగేలా తయారు చేస్తారు. డిక్కీ తెరిచి, హోల్డర్ తిప్పి బల్బు తీశాను. 21 వాట్ల బల్బు, లోపలి తీగ తెగలేదు. కుడి వైపు బల్బు తెచ్చి పెట్టినా వెలగలేదు. కొత్త బల్బు కొనడానికి బయలుదేరబోతే ఆయన ఆపారు. ఇండికేటర్ వేసినప్పుడు పక్కనున్న ఎర్ర లైటు ఏం చేస్తోందో చూడమన్నారు. వంగి చూస్తే అది కూడా లోపల ఎక్కడో దీపం ఉన్నట్టు మసకగా మినుకుమంటోంది. "ఎర్త్" అన్నారు ఆయన, ఇక చూడనక్కరలేదన్నట్టుగా. బల్బులోకి వచ్చిన కరెంటుకు తిరిగి పోయే దారి మూసుకుపోతే అది పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుందట.

నమ్మకం కోసం ఒక వైరు ముక్క ఇచ్చి, ఒక కొసను హోల్డర్ ఎర్త్‌కు, రెండో కొసను కారు బాడీకి ఉన్న రంగు పూయని బోల్టుకు తాకించమన్నారు. తాకించగానే లైటు పూర్తిగా వెలిగింది. డిక్కీ మూల అట్ట ఊడదీస్తే ఎర్త్ వైరును బాడీకి బిగించిన చోట ఆకుపచ్చ చిలుము గట్టిగా పేరుకుని ఉంది. లైటు చుట్టూ ఉండే రబ్బరు ఎండి చిట్లిపోవడంతో వాన నీరు అక్కడికి జారుతోంది. వైరు చివరనున్న రింగునూ, బోల్టు కింద రేకునూ లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాను. బిగించాక పైన వాజలీన్ పూయమన్నారు. తరువాత తన చేతి గడియారం చూస్తూ నిమిషం పాటు మెరుపులు లెక్కపెట్టారు. కారు రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే, ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్షలో అవి నిమిషానికి 60 నుంచి 120 మధ్య ఉండాలి. మాది ఆ లెక్కలోనే ఉందని తల ఊపారు.

టీ తాగుతూ లారీవాళ్ల కుడి ఇండికేటర్ సంగతి ఆయనకు చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "వెనకవాడికి అది కొత్త అయితే?" అని అడిగారు. కొత్తవాడు ప్రమాదంలో పడతాడని ఒప్పుకున్నాను. "ముందున్నవాడు తన కోసం కాకుండా వెనకవాడి కోసం సిగ్నల్ వేయడం నేను ఎక్కడా వినలేదు" అన్నారు, ఈసారి మందలింపు లేకుండా. మా అన్నయ్య చేసే వైరింగ్ గురించి చాలా ప్రశ్నలు అడిగారు. లారీల్లో 24 వోల్టులు ఉంటాయని నేను చెప్పేలోపే ఆయనే చెప్పేశారు, బస్సులూ అంతేనట.

చిట్లిన రబ్బరు ఇంకా మార్చలేదు. పాత కార్ల యార్డులో అదే మోడల్ లైటు దొరికితే రబ్బరుతో సహా తెమ్మన్నారు, కొత్తది కొనవద్దన్నారు. ప్రస్తుతానికి అంచు చుట్టూ టేపు అంటించాను, వాన పడ్డ మరునాడు డిక్కీ మూల చెయ్యి పెట్టి తడి ఉందో లేదో చూసుకుంటున్నాను.