గుమ్మంలో ముగ్గు లేని మూడు నెలలు

విజయనగరం దాసన్నపేటలో నాన్నగారు కట్టించిన ఇల్లుంది. ఉద్యోగం మూలంగా నేను విశాఖలో ఉంటాను. 2024 జూన్ నెలాఖరున అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. వెంటనే ఆషాఢం, ఎవరూ ఇల్లు మారరు. శ్రావణంలో కుదరలేదు. ఆ తరవాత భాద్రపదం. అలా మూడు నెలలు దాటిపోయింది.

దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లమ్మ సిరిమానుకని వెళ్లాను. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. తాళం చెక్కుచెదరలేదు. గడియకు బిగించిన పొట్టి మరలు ఊడబెరికారు, అంతే. మూడు ఫ్యాన్లు, కుళాయిలు, నీళ్ల మోటారు పోయాయి. అమ్మ దేవుడి గూట్లో ఉంచిన ఇత్తడి కుందులూ లేవు. మిగతావి డబ్బు పెడితే వస్తాయి. ఆ గూటి ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఏదీ ముట్టుకోకుండా 112కి ఫోన్ చేశాను. స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకున్నాను. అది ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు కూడా. మోటారు బిల్లు దాచుకోబట్టి దాని నంబరు రాయించగలిగాను. తాళం వేసిన ఇళ్లను పోలీసులు కనిపెట్టి ఉండే ఏర్పాటు, ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి కూడా అక్కడే చెప్పారు. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్లే ముందు తెలియజేస్తే పోలీసులే ఉచితంగా ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. నాలుగు రోజులు తీర్థయాత్రకి వెళ్లేవాళ్లు తప్పకుండా వాడుకోవాలి. నాదేమో నెలల తరబడి ఖాళీ.

అసలు సంగతి ఎదురింటి పిన్నిగారు చెప్పారు. "గుమ్మంలో ముగ్గు నేకపోతే ఇంట్లో మనుషులు నేరని తెల్దేటి బాబూ?" అప్పుడు చూశాను. గ్రిల్లుకి గుచ్చిన కరెంటు బిల్లులు మూడు, వాకిలంతా వేపాకు, గేటుకి నా ఫోన్ నంబరుతో టూలెట్ బోర్డు. ఆ నంబరుకి ఎవరో ఫోన్ చేస్తే "ఖాళీగానే ఉందండీ, పండక్కి వచ్చి చూపిస్తాను" అని చెప్పింది కూడా నేనే. ఇల్లు ఎన్నాళ్లు ఒంటరిగా ఉంటుందో ముక్కూమొహం తెలియనివాడికి నా నోటితోనే చెప్పాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మర్నాడే వడ్రంగిని పిలిచాను. మరలు తీయించి, తలుపుకి ఈ వైపు నుంచి ఆ వైపుకి దూరే బోల్టులు వేసి లోపలివైపు నట్లు బిగించాడు. ఇక బయటినుంచి ఊడదీయడానికి ఏమీ లేదు. పెరటి తలుపుకి లోపల అడ్డగడియ పెట్టించి, వీధి తలుపుకి చేతి తాళం బదులు తలుపులోనే ఇమిడే తాళం వేయించాను. వేలాడే తాళం దూరానికే కనిపిస్తుంది మరి. కొత్త మోటారు లోపలి గదిలోకి మార్పించాను. ముందుగదిలో ఒక దీపానికి టైమర్ పెట్టి సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా వెలిగేలా చేశాను. బోర్డు తీసేసి, వీధి చివర కిరాణా కొట్టాయనకి చెప్పి ఉంచాను. ఎవరైనా అడిగితే ముందు ఆయన మనిషిని చూస్తాడు, తరవాతే నా నంబరు ఇస్తాడు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది మాత్రం ముగ్గే. పిన్నిగారింట్లో పనిచేసే ఆమెకి నెలకింతని ఇచ్చి, రోజూ వాకిలి తుడిచి, కళ్లాపి చల్లి ముగ్గేయమన్నాను. రోజుకొకసారి మన మనిషి గేటు తీసి లోపలికెళుతుంది, తలుపులు చూస్తుంది, బిల్లులు తీసి దాస్తుంది. ఏ కెమెరా చేస్తుంది ఇంత పని?

కార్తీకంలో కొత్తవాళ్లు వచ్చి పాలు పొంగించుకున్నారు. ఇక రానక్కర్లేదని చెబుదామని ఆమెకి ఫోన్ చేశాను. వాళ్లు అప్పటికే తనని అంట్లు తోమడానికి కుదుర్చుకున్నారట.